బరంపురం నుంచి చంద్రగిరి దాకా నడక: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు

చందాల కోసం టీమ్‌గా నడవడం అంటే ఒడిశాలో మా బరంపురం వైపు ఇంకా కొత్తే, పాదయాత్ర అనగానే పార్టీదా మొక్కా అని అడుగుతారు. దీన్లో పేరున్నది ఆక్స్‌ఫామ్ వాళ్ళ ట్రైల్‌వాకర్, నలుగురు ఒక టీమ్, 100 కిలోమీటర్లు, 48 గంటలు. 1981లో హాంకాంగ్‌లో గూర్ఖా సైనికుల ట్రైనింగ్‌ నుంచి పుట్టుకొచ్చింది. ఒడిశాలోనే గజపతి జిల్లా చంద్రగిరి దాకా మా నడకకి మేం దాంట్లోంచి ఒక్క రూలే తీసుకున్నాం, నలుగురూ కలిసి బయల్దేరి నలుగురూ కలిసే చేరాలి అని. గంటల లెక్క వదిలేశాం, ఎందుకంటే టీమ్‌లో రిటైరైన లెక్కల మాస్టారున్నారు, బ్యాంకులో చేసే మా వదినుంది, పక్కింటి కుర్రాడొకడు, వాడు మాత్రం పరిగెడతాడు.

డబ్బు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ పేషెంట్ల కోసం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట అంటే మాకు చుట్టాలుండే ఊళ్ళే కదా. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, సరే, కానీ వారానికి రెండు మూడు సార్లు వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద, తోడు ఇంకొకరు, ఇద్దరి కూలీ పోయి పైన ఆటో ఖర్చు. ఆ ఆటో ఖర్చుకే మా చందా. మరి అటు నడవకుండా పడమటికి ఎందుకెళ్ళారని చాలామంది అడిగారు. 16వ నంబర్ హైవే మీద లారీల పక్కన నడిస్తే మాకే ఇంకొకరు చందాలెత్తాలి, అందుకని.

ఇక దారి. బరంపురం నుంచి దిగపహండి దాకా చదునే, చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు, పొలాలు, ఇటుక బట్టీలు, ట్రాక్టర్లు. చీకటితో బయల్దేరితే ఎండెక్కేలోపు సగం పైగా అయిపోతుంది. టిఫిన్‌కి రోడ్డు పక్కన ఇడ్లీ, బరా (గారె), గుగుని (బఠాణీ కూర) దొరుకుతాయి, కడుపు నిండా తినకండి, కొంచెం తిని ఇంకో చోట ఆగండి.

దిగపహండిలో మేం దిగిన లాడ్జి మాత్రం వద్దు. పేరెందుకు గానీ ఫోన్‌లో గీజరుందన్నారు, గీజరుంది, కరెంటు కనెక్షన్ లేదు. అదీ పర్లేదు, కింద కల్యాణమంటపం, రాత్రి పన్నెండు దాకా బ్యాండ్. నడిచేవాళ్ళకి రూమ్‌లో ఏసీ కన్నా బకెట్ నీళ్ళు, ఏడింటికల్లా భోజనం, తొమ్మిదింటికి నిశ్శబ్దం, ఈ మూడే కావాలి, బుక్ చేసేటప్పుడు ఇవే అడగండి. మళ్ళీ వెళ్తే దిగపహండిలో మధ్యాహ్నం భోంచేసి సాయంత్రం చల్లబడ్డాక ఘాట్ మొదలు దగ్గర పొడమారి దాకా లాగేసి, అక్కణ్ణించి బండిలో వెనక్కొచ్చి ఏదైనా మంచి రూమ్‌లో పడుకుంటాం, పొద్దున్న ఆపిన చోటే దిగి నడుస్తాం. అది మోసం కాదు, మాస్టారిని అడిగాను.

తప్తపాణి ఘాట్ ఈ మొత్తంలో బెస్ట్. బరంపురానికి 50 కిలోమీటర్లు, చుట్టూ అడవి, ఎక్కడం ఉంటుంది గానీ నీడలోనే. మలుపుల్లో మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాలి, మెరిసే జాకెట్లు తప్పనిసరి, బస్సులు హారన్ కొట్టి మరీ మీదికొస్తాయి. పైన గంధకం వాసనతో వేడినీళ్ళ ఊట, పక్కనే కంధుణీ దేవి గుడి, ఒడిశా టూరిజం వాళ్ళ గెస్ట్‌హౌస్ పాంథనివాస్. అక్కడ కొన్ని రూముల్లో ఊట నీళ్ళు నేరుగా టబ్‌లోకే వస్తాయి, ఫ్యామిలీతో వెళ్ళేవాళ్ళు అవే తీసుకోండి. నడకలో ఉన్నవాళ్ళు ఆ నీళ్ళకి ఆశపడకండి. ఇది వినడానికి అన్యాయంగా ఉంటుంది, అంత నడిచి వేడినీళ్ళు కనిపిస్తే ఎవరాగుతారు, మా కుర్రాడు గంటసేపు కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, బొబ్బల మీద చర్మం మెత్తబడి మర్నాడు సాక్స్‌తో పాటు ఊడొచ్చింది. మొత్తం యాత్రలో కుంటింది వాడే, మాస్టారు కాదు. వదిన చన్నీళ్ళతో కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టి, పొద్దున్నే వేజలైన్ రాసి వేళ్ళకి మైక్రోపోర్ టేప్ చుట్టేది, రెండు జతల సాక్స్ వేసేది, చివరిదాకా ఒక్క బొబ్బ లేదు.

ఘాట్ దాటాక కొండల మధ్య ఎత్తు నేల, పొద్దున్న మంచు, డిసెంబర్ జనవరుల్లో స్వెట్టర్ ఉండాల్సిందే. బరంపురంలో తెలుగుతో నెట్టుకొచ్చేస్తాం గానీ ఇక్కడ ఒడియా రావాలి, ఊళ్ళల్లో సవర, కంధ గిరిజనులు ఎక్కువ. చోడి (రాగి) అంబలి అమ్మే చోట ఆగండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లకన్నా అదే నిలబెట్టింది మమ్మల్ని. ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు, క్యూఆర్ కోడ్ బోర్డు మోసుకెళ్ళి ఏం లాభం, ఇద్దామన్నవాళ్ళ పేమెంట్ తిరుగుతూనే ఉంటుంది. రసీదు పుస్తకం పట్టుకెళ్ళాలి.

రసీదు అంటే గుర్తొచ్చింది. 80జీ, అంటే చందా మీద ఆదాయపన్ను మినహాయింపు, కావాలనేవాళ్ళకి ముందే చెప్పండి, 2000 దాటి క్యాష్ ఇస్తే పన్ను మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానే పంపాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారి డబ్బు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు తీసుకోకూడదు, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న అన్నయ్య తన సొంత సంపాదన పంపితే పర్లేదు. ఈ ఒక్క విషయం మీద ఫ్యామిలీ గ్రూప్‌లో ఎంత రభసయ్యిందో!

చంద్రగిరిలో, జిరంగ్‌లో టిబెటన్లు 1963 నుంచి ఉంటున్నారు, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ ఆరామం జిరంగ్‌లోనే. చూడ్డానికి ఒక పూట సరిపోతుంది, కానీ కాళ్ళు వాచిన వాళ్ళం రెండు పూటలు ఉండిపోయాం. థుక్పా అని నూడుల్స్ పులుసు ఇస్తారు, వేడిగా, కారం తక్కువ, మాస్టారికి నచ్చలేదు, ఆవకాయ డబ్బా తీశారు. మేం దిగిన చోట గది చిన్నదే, దుప్పట్లు మాత్రం మందంగా, శుభ్రంగా ఉన్నాయి, రాత్రి కుక్కల అరుపు తప్ప చప్పుడు లేదు. రేటుకి ఈ మొత్తం దారిలో ఇదే నయం.

వెనక నడిచే బండి గురించి ఒక మాట. డ్రైవర్‌ని రోజుకింత అని కాకుండా మొత్తానికి మాట్లాడుకోండి, లేకపోతే మీరు నెమ్మదిగా నడిచిన కొద్దీ ఆయనకి లాభం. బండి, రూములు, తిండి అన్నీ మా జేబుల్లోంచే పెట్టుకున్నాం, ఆ సంగతి చందా అడిగేటప్పుడే మెసేజ్‌లో రాశాం, రాశాకే ఎక్కువమంది ఇచ్చారు. తిరుగు ప్రయాణానికి బస్సులున్నాయి గానీ చీకటి పడితే తక్కువ, మధ్యాహ్నం లోపే ఎక్కేయండి.