పాయింట్లు సమమైతే కప్పు ఎవరికి: గోల్ డిఫరెన్సా, ముఖాముఖి ఫలితమా?

ఫుట్‌బాల్ లీగ్ ఆఖరి వారాల్లో పడిందంటే ఈ ప్రశ్న తప్పదు. రెండు జట్లూ ఒకే పాయింట్ల దగ్గర ఆగితే దేన్ని చూడాలి? సీజన్ మొత్తంలో కొట్టిన గోల్స్‌కీ ఇచ్చుకున్న గోల్స్‌కీ మధ్య తేడానా, లేక ఆ రెండూ తమలో తాము ఆడిన రెండు మ్యాచ్‌లనా? ఇంగ్లండ్, జర్మనీ, నెదర్లాండ్స్ ముందు గోల్ డిఫరెన్స్ చూస్తాయి. స్పెయిన్, పోర్చుగల్, టర్కీ ముఖాముఖి చూస్తాయి. ‘ఎదురుపడ్డప్పుడు ఎవరు గెలిచారో వాళ్లదే కప్పు’ అనే మాట చెవికి ఇంపుగా ఉంటుంది కాబట్టి చాలామంది మనసు రెండోదానివైపే మొగ్గుతుంది. కాగితం మీద లెక్క వేస్తే మాత్రం అది నిలబడటం కష్టం.

స్పెయిన్ లీగ్ లా లిగా 2006-07 సీజన్‌నే తీసుకోండి. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా రెండూ 76 పాయింట్లతో ముగించాయి. సొంత మైదానంలో మాడ్రిడ్ 2-0తో గెలిచింది, బార్సిలోనా మైదానం క్యాంప్ నౌలో 3-3 డ్రా అయింది. కప్పు మాడ్రిడ్‌కి వెళ్లింది. గోల్ డిఫరెన్స్ చూస్తే బార్సిలోనాది +45, మాడ్రిడ్‌ది +26. ఈ 19 గోల్స్ తేడా గురించే అందరూ మాట్లాడతారు గానీ, అసలు మెలిక పాయింట్లలో ఉంది. గెలుపుకి 3, డ్రాకి 1 చొప్పున ఆ రెండు మ్యాచ్‌ల్లో మాడ్రిడ్‌కి 4 పాయింట్లు, బార్సిలోనాకి 1. వాటిని 76లోంచి తీసేస్తే మిగతా 36 మ్యాచ్‌ల్లో బార్సిలోనా 75, మాడ్రిడ్ 72.

ఇదేదో ఆ ఒక్క ఏడాది జరిగిన విడ్డూరం కాదు. మొత్తం పాయింట్లు సమమై, ముఖాముఖి పాయింట్లలో ఒక జట్టు పైచేయిగా ఉందంటే, మిగతా 18 జట్ల మీద ఆ జట్టు తక్కువ రాబట్టినట్టే. కూడికా తీసివేతా తెలిస్తే చాలు, దీనికి మినహాయింపు దొరకదు. ముఖాముఖి గెలుపుకి రావాల్సిన ప్రతిఫలం 76లో ఎప్పుడో చేరిపోయింది. మళ్లీ దాన్నే బయటికి తీసి కప్పు ఇవ్వడమంటే ఒకే పద్దును రెండుసార్లు రాయడమే. నా మట్టుకు ఈ వాదులాట ఇక్కడే తేలిపోతుంది.

గోల్ డిఫరెన్స్‌లోనూ ఆ మ్యాచ్‌లు మళ్లీ లెక్కకొస్తాయి కదా అనొచ్చు. వస్తాయి, కానీ 38 మ్యాచ్‌లూ ఒకే బరువుతో వస్తాయి. పైగా పాయింట్లకి అందని సంగతి ఒకటి అందులో తెలుస్తుంది. 1-0కీ 5-0కీ పాయింట్లు మూడే, ఆటలో ఉన్న అంతరం మాత్రం ఒకటి కాదు.

పెద్ద జట్ల మధ్య పోరుకి విలువ తగ్గిపోతుందన్న భయమూ అక్కర్లేదు. 2011-12 ఇంగ్లండ్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్ చెరో 89 పాయింట్లు, గోల్ డిఫరెన్స్ +64, +56. అక్టోబర్‌లో యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సిటీ 6-1తో గెలిచినప్పుడు సిటీకి అయిదు పెరిగాయి, యునైటెడ్‌కి అయిదు తగ్గాయి. అంటే ఒక్క మధ్యాహ్నం పది గోల్స్ అటు నుంచి ఇటు వచ్చాయి. చివర్లో తేడా ఎనిమిదే. అందరికీ గుర్తుండేది ఆఖరి రోజు అదనపు సమయంలో సిటీ ఆటగాడు అగ్వేరో కొట్టిన గోల్. అది సిటీకి గెలుపు తెచ్చింది, నిజమే. యునైటెడ్‌తో సమానంగా నిలిస్తే చాలన్న వెసులుబాటు మాత్రం అక్టోబర్‌లోనే దొరికింది. ఆ మ్యాచ్‌లో యునైటెడ్ పది మందితో ఆడుతూ, 1-3 దగ్గర ఇంకా ముందుకి తోసుకెళ్లి, 89వ నిమిషం నుంచి మూడు గోల్స్ ఇచ్చుకుంది. గోల్ డిఫరెన్స్ నియమం ఉన్న లీగ్‌లో ఓడే మ్యాచ్‌ని కూడా ఎంత తేడాతో ఓడుతున్నామో చూసుకుంటూ ముగించాలి. ముఖాముఖి లీగ్‌లో మూడో జట్టు మీద అలా ఓడితే నష్టం దాదాపు సున్నా. డెబ్బయ్యో నిమిషానికే ఆట చప్పబడుతుంది.

ఆఖరి రోజు రక్తి కట్టేది కూడా ఇందుకే. నెదర్లాండ్స్‌లో 2006-07లో అజెడ్, అయాక్స్, పీఎస్‌వీ మూడూ 72 పాయింట్లతో చివరి మ్యాచ్‌కి దిగాయి. అజెడ్ ఓడిపోయింది. అయాక్స్ 2-0తో గెలిచింది. పీఎస్‌వీ 5-1తో గెలిచి, +50కి +49 తేడాతో కప్పు ఎత్తుకుపోయింది. అక్కడ నాలుగో గోల్‌కీ అయిదో గోల్‌కీ మధ్యే కప్పు ఉంది.

ముఖాముఖిలో ఇంకో చిక్కు ఉంది, మూడో జట్టు వచ్చి చేరినప్పుడు బయటపడుతుంది. క, చ, ట అనే మూడు జట్లు అనుకోండి. క ఒకసారి చ మీద గెలిచి, ఇంకోసారి డ్రా చేసుకుంది. చ రెండుసార్లూ ట మీద గెలిచింది. ట రెండుసార్లూ క మీద గెలిచింది. క, చ మాత్రమే సమంగా ముగిస్తే 4-1తో కప్పు కది. అదే పాయింట్ల దగ్గరికి ట కూడా వచ్చి చేరితే, ఈ మూడింటి మధ్య మ్యాచ్‌లనే లెక్కేసిన చిన్న పట్టికలో చకి 7, టకి 6, కకి 4. కప్పు చకి పోయింది. అంటే క, చలు తమ మ్యాచ్‌లన్నీ ముగించుకుని కూర్చున్నాక, వేరే ఊళ్లో ట కొట్టే ఒక గోల్ ఈ ఇద్దరి వరస తారుమారు చేయగలదు. గోల్ డిఫరెన్స్‌లో మూడో జట్టు ఎక్కడ ముగించినా మొదటి రెండింటి వరస కదలదు.

ఇంత చేసినా ముఖాముఖి కొన్నిసార్లు తేలనే తేలదు. 2020-21 టర్కీ లీగ్‌లో బెషిక్తాష్, గలతసరాయ్ 84 పాయింట్లతో సమం. ఒకదాంట్లో బెషిక్తాష్ 2-0, ఇంకోదాంట్లో గలతసరాయ్ 3-1. మొత్తం మూడుకి మూడు. చివరికి గోల్ డిఫరెన్స్‌లో ఒకే ఒక్క గోల్‌తో, +45కి +44, బెషిక్తాష్ గెలిచింది. చుట్టూ తిరిగి అక్కడికే వచ్చారు.

గోల్ డిఫరెన్స్‌కి మచ్చ లేదని కాదు. 1977-78లో జర్మనీ లీగ్ బుండెస్‌లిగా చివరి రోజుకి కొలోన్, మోన్షన్‌గ్లాడ్‌బాక్ పాయింట్లు సమం, కొలోన్ పది గోల్స్ ముందుంది. గ్లాడ్‌బాక్ ఆ రోజు డార్ట్‌మండ్‌ని 12-0తో చిత్తు చేసింది. కొలోన్ 5-0తో గెలిచి మూడు గోల్స్ తేడాతో గట్టెక్కింది. సీజన్‌లో ఇక సాధించేదీ పోగొట్టుకునేదీ లేని జట్టు చేతులెత్తేస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ముఖాముఖికి నిజంగా బలమైన వాదన ఇదొక్కటే. ఆఖరి మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి మొదలుపెడితే లెక్క చూసుకుని ఆడటం తగ్గుతుంది, చేతులెత్తేయడం మాత్రం ఆగదు.

పాత గోల్ యావరేజ్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. కొట్టిన గోల్స్‌ని ఇచ్చుకున్న గోల్స్‌తో భాగించే పద్ధతి అది. భాగహారంలో కింది అంకె చిన్నదైతే ఫలితం ఎగిరిపడుతుంది కాబట్టి, తక్కువ కొట్టి తక్కువ ఇచ్చుకునే జట్టుకి మేలు. దీని దెబ్బ తెలిసింది స్కాట్లండ్‌లో హార్ట్స్‌కి. 1964-65లో కిల్మార్నాక్ 62 కొట్టి 33 ఇచ్చుకుంది, హార్ట్స్ 90 కొట్టి 49 ఇచ్చుకుంది. గోల్ డిఫరెన్స్ అయితే +41తో హార్ట్స్‌దే కప్పు, యావరేజ్‌లో 1.879కి 1.837తో పోయింది. 1985-86 నాటికి నియమం గోల్ డిఫరెన్స్‌కి మారింది. ఈసారి సెల్టిక్ 67-38, హార్ట్స్ 59-33. పాత నియమమే ఉంటే హార్ట్స్ గెలిచేది, కొత్తదాంట్లో +29కి +26తో ఓడింది. ఏ తక్కెడలో తూచినా హార్ట్స్ వైపే తరుగు పడింది. ఇంగ్లండ్ 1976-77 నుంచి యావరేజ్‌ని వదిలేసింది, మళ్లీ తెచ్చుకోవాల్సిన పనేమీ లేదు.

బ్రెజిల్‌లో ముందు గెలుపుల సంఖ్య చూస్తారు. మూడు డ్రాలు ఒక గెలుపుతో సమానం కాబట్టి, సమాన పాయింట్ల దగ్గర ఎక్కువ గెలిచిన జట్టు ఎక్కువ ఓడిన జట్టు కూడా. దాడి ఆటని ప్రోత్సహించాలంటే సరే. ఇటలీలో 2022-23 నుంచి కప్పు తేలకపోతే, రెలిగేషన్ (కింది డివిజన్‌కి దిగిపోయేది ఎవరన్నది) తేలకపోతే విడిగా ఒక మ్యాచ్ పెడతారు. ఆ ఏడాదే స్పెజియా, వెరోనా 31 పాయింట్ల దగ్గర ఆగితే, జూన్ 11న వెరోనా 3-1తో గెలిచి నిలబడింది. చూడటానికి బాగుంటుంది. 38 మ్యాచ్‌ల లెక్కని ఒక్క రాత్రికి వదిలేయడం నాకు రుచించదు.

గోల్ డిఫరెన్స్ న్యాయంగా ఉండాలంటే అందరూ అందరితో ఇంటా బయటా సమంగా ఆడాలి. స్కాట్లండ్‌లో ఇప్పుడు 33 మ్యాచ్‌ల తర్వాత పన్నెండు జట్లనీ ఆరేసి చొప్పున విడగొట్టి ఇంకో అయిదు ఆడిస్తారు. పై సగంలోని రెండు జట్లు అవే ప్రత్యర్థులతో అన్నేసిసార్లు ఆడతాయి గానీ, ఇంట్లో ఎన్ని, బయట ఎన్ని అన్నది జట్టు జట్టుకీ మారుతుంది. 2002-03లో రేంజర్స్, సెల్టిక్ 97 పాయింట్లతో సమమై +73కి +72తో తేలిన కప్పు మీద ఈ కారణంగా ఎవరైనా ముక్కు విరిస్తే తప్పు పట్టలేం.

స్పెయిన్ పట్టిక చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. రెండు జట్ల మధ్య రెండు మ్యాచ్‌లూ పూర్తయ్యేదాకా అక్కడ వరస గోల్ డిఫరెన్స్ మీదే నడుస్తుంది. రెండో మ్యాచ్ ముగిసిన రాత్రి, పాయింట్లు సమంగా ఉన్న జట్లు ఉన్నట్టుండి చోట్లు మారితే కంగారుపడి మళ్లీ లెక్కపెట్టకండి. మొదటి మ్యాచ్ స్కోర్ వెతికి కలుపుకుంటే సరిపోతుంది.