సీఈఎం: పరీక్ష కంటే ఫైలే పెద్దది

హ్యూస్టన్‌లో ఒక ఆస్పత్రిలో ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్, అంటే విపత్తులకి ముందే సిద్ధం చేసి, వచ్చినప్పుడు నడిపించే పని చూస్తాను. సీఈఎం, అంటే సర్టిఫైడ్ ఎమర్జెన్సీ మేనేజర్ సర్టిఫికెట్ తీసుకుని చాలా ఏళ్లయింది, రెన్యువల్ కూడా అయింది. ఇక్కడ మనవాళ్లలో నర్సులు, కౌంటీ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు "అది తీసుకుంటే పనికొస్తుందా?" అని అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసి పడేద్దామని కూర్చున్నా. ముందే చెప్తున్నా, ఇది డాక్టర్లకీ నర్సులకీ ఉండే లైసెన్సు లాంటిది కాదు. ఇది లేకపోయినా ఈ ఉద్యోగం చేయొచ్చు, చేస్తున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం "ఉంటే మంచిది" అనే వరుసలో తరచుగా కనబడుతుంది.

ఇచ్చేది ఐఏఈఎం అనే, ఎమర్జెన్సీ మేనేజర్ల అంతర్జాతీయ సంఘం. అందరూ పరీక్ష గురించి టెన్షన్ పడతారు గానీ, నేను రాసినప్పుడు వంద ప్రశ్నలు, రెండు గంటలు, అన్నీ ఆప్షన్లలోంచి ఎంచుకునేవే. ఎంసెట్ రాసొచ్చిన వాళ్లకి అదో లెక్క కాదు. ప్రాణం తీసేది ఫైలు, అంటే అప్లికేషన్‌తో పెట్టాల్సిన కాగితాల కట్ట. మూడేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం, డిగ్రీ, రిఫరెన్సులు, నిజమైన విపత్తులోనో పెద్ద స్థాయి డ్రిల్‌లోనో పనిచేసినట్టు ఆధారం, ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్‌లో వంద గంటల శిక్షణ, మామూలు మేనేజ్‌మెంట్‌లో మరో వంద గంటలు. అవి కూడా గత పదేళ్లలో చేసినవై ఉండాలి, పైగా ఒకే అంశం మీద 25 గంటలకు మించి లెక్కలోకి రావు. అంటే మీకు నచ్చిన కోర్సు నాలుగు రకాలుగా చేసి గంటలు నింపేస్తానంటే కుదరదు.

ఫెమా, అంటే అమెరికా ప్రభుత్వ విపత్తు సంస్థ వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు ఫ్రీయే కదా, వాటితో వంద గంటలు అయిపోతాయి అనుకుంటారు. అవుతాయి, కానీ ఐఎస్-100 అనే మొదటి మెట్టు కోర్సు చేస్తే వచ్చేవి రెండు గంటలే, నా సర్టిఫికెట్ మీద 0.2 సీఈయూ (శిక్షణని కొలిచే యూనిట్) అని ఉంటుంది, దాన్ని పదితో గుణించుకోవాలి. ఐఎస్-230 లాంటివి కాస్త పెద్దవి. ఆ బేసిక్ కోర్సులు ఎలాగూ చేయాలి, పరీక్షలో సగం ధోరణి అక్కడి నుంచే వస్తుంది, కానీ వంద గంటలూ వాటితోనే నింపడం విసుగు పని. రెండో వంద మాత్రం మన ఐటీ వాళ్లకి తేలిక, కంపెనీలో చేసిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, బడ్జెట్ క్లాసుల సర్టిఫికెట్లు ఇక్కడ అక్కరకొస్తాయి. అవి పారేయకండి.

ఆ తర్వాత ఆరు రకాల వృత్తిసేవ చూపించాలి: సంఘాల సభ్యత్వం, సభల్లో మాట్లాడటం, పాఠం చెప్పడం, వ్యాసం రాయడం, కమిటీల్లో పనిచేయడం, ఇలా ఒక జాబితా ఉంటుంది, అందులోంచి ఆరు వేర్వేరువి. నోరు మూసుకుని తన పని తాను చేసుకుపోయే మనిషికి ఇదే పెద్ద అడ్డంకి, నాకు బాగా కష్టం అనిపించిందీ ఇదే. దీంతోపాటు ఒక మేనేజ్‌మెంట్ వ్యాసం. వాళ్లిచ్చిన పరిస్థితిలో మీరేం చేస్తారో రాయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలో వద్దో చూసే కమిషన్ సభ్యులు చదివి తేలుస్తారు. మనం స్కూల్లో రాసిన వ్యాసాల్లాగా ఉపోద్ఘాతం, ఉపసంహారం పెట్టి అలంకరించకండి. వాళ్లడిగిన ఒక్కో అంశానికి సూటిగా సమాధానం ఉందా లేదా అన్నదే చూస్తారు.

ఇంత కాగితం ఎందుకు అని నేనూ విసుక్కున్నాను. కానీ ఈ ఊళ్లో విపత్తులకి కొదవ లేదు. 2001లో అలిసన్ తుపానుకి టెక్సస్ మెడికల్ సెంటర్‌లో నేలమాళిగలు మునిగి కరెంటు పోయి, రోగుల్ని మెట్ల మీదుగా కిందికి దించాల్సి వచ్చింది. ఆ తర్వాత వరద తలుపులు పెట్టారు, 2017లో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు అవి నీళ్లని ఆపాయి. ఎక్కడ దెబ్బ తిన్నామో ఎవరో కూర్చుని రాసిపెట్టకపోతే ఆ తలుపులు వచ్చేవి కావు. అదే 2017 నవంబరు నుంచి మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్ల నిబంధన కూడా అమల్లోకి వచ్చింది, ఆస్పత్రులు ఏటా డ్రిల్స్ చేయాలి, చేసినట్టు రాతపూర్వకంగా చూపాలి. ఇన్‌స్పెక్టర్లు వచ్చి ఆఫ్టర్ యాక్షన్ రిపోర్ట్, అంటే డ్రిల్ అయ్యాక ఏం బాగా జరిగింది, ఏం తప్పింది అని రాసే నివేదిక అడిగిన రోజున, సీఈఎం ఫైలు కట్టి అలవాటైన చెయ్యి నాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. సర్టిఫికెట్ గోడకి వేలాడుతుందంతే, ఆ అలవాటు మాత్రం రోజూ వాడతాను.

డబ్బు సంగతికొస్తే, దీనివల్ల నాకు జీతం పెరగలేదు. అప్పట్లో పనిచేసిన చోట ఫీజు కట్టారు, ఒక కేకు కోశారు, అంతే. తర్వాతి ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు రావడానికి మాత్రం ఉపయోగపడిందనే నా నమ్మకం.

ఇక రెన్యువల్. ఐదేళ్లకోసారి మళ్లీ వంద గంటల శిక్షణ, మళ్లీ ఆరు సేవలు. చాలామంది నాలుగేళ్లు నిద్రపోయి చివరి ఏడాది పరుగెడతారు, ఒక సీనియర్ సహోద్యోగి అలాగే వదిలేసుకుంది కూడా. నేను చేసేది ఒకటే, ఏ క్లాసుకి వెళ్లినా ఆ సాయంత్రమే సర్టిఫికెట్‌ని, అజెండాని ఒక ఫోల్డర్లో పడేస్తాను. ఎందుకంటే గంటలు స్పష్టంగా లేని సర్టిఫికెట్లు చాలా ఉంటాయి, వాటికి అజెండానే సాక్ష్యం. శిక్షణ కూడా ఉత్తుత్తి తంతు కాదు, ఈ మధ్యలో చాలా మారాయి. ప్లాన్లు రాయడానికి ఫెమా గైడ్ కొత్త కూర్పు 2021లో వచ్చింది, విపత్తులో ముందు నిలబెట్టాల్సిన అత్యవసర సేవల జాబితా, కమ్యూనిటీ లైఫ్‌లైన్స్ అంటారు, ఏడుగా ఉన్నవి నీటి వ్యవస్థలతో కలిపి 2023లో ఎనిమిదయ్యాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కుళాయిల్లో ప్రెషర్ పడిపోయిన ఊళ్లో ఉన్నవాళ్లకి నీటిని విడిగా ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ ఆరు సేవల పుణ్యమా అని గుళ్లో మనవాళ్లకి తెలుగులో హరికేన్ సీజన్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. కరెంటు పోతే జనరేటర్ గరాజ్‌లో నడపొద్దని, కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియకుండానే చంపేస్తుందని చెప్తే, పెద్దవాళ్లు ఇంట్లో కుంపటి సంగతి కూడా అడిగారు. బెరిల్ హరికేన్ వచ్చి 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయిన 2024 జులైలో, ఆ క్లాసుకి వచ్చిన కొందరు ఫోన్ చేసి జనరేటర్ ఎంత దూరంలో పెట్టాలో మళ్లీ అడిగి మరీ పెట్టారు.

ఎవరికి వద్దంటానంటే, ఈ రంగంలో పని దొరకనివాళ్లకి. అనుభవం లేకుండా సీఈఎం రాదు, దానికోసం కోర్సుల మీద డబ్బు పోయొద్దు. అనుభవం ఇంకా పూర్తికాని వాళ్లకి ఏఈఎం (అసోసియేట్ ఎమర్జెన్సీ మేనేజర్) అనే చిన్న మెట్టు ఉంది, అది చూడండి. ఇండియాకి తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే, అక్కడ పని నడిచేది 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం, జిల్లాలో అథారిటీకి అధ్యక్షుడు కలెక్టరు గారు, కాబట్టి ఈ మూడక్షరాల కోసం అక్కడ ఎవరూ ఎదురుచూడరు. ప్రైవేటు ఫ్యాక్టరీలు, విదేశీ కంపెనీల సేఫ్టీ విభాగాల్లో అయితే అడిగి చూడొచ్చు. అమెరికాలో ఆస్పత్రి, కౌంటీ, యూనివర్సిటీ ఉద్యోగం చేతిలో ఉన్నవాళ్లు మాత్రం ఈ రోజే ఒక ఫోల్డర్ తెరవండి, అప్లికేషన్ సంగతి మూడేళ్లు నిండాక చూసుకోవచ్చు.