ముహూర్తాలు లేని నెలలో నాలుగు రోజులు

ధనుర్మాసం వస్తే ఒడిశాలోని మా బరంపురంలో నా కెమెరాకు సెలవే. ముహూర్తాలుండవు, ఫోను మోగదు. మిగతా ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు, బారసాలలు తీస్తూ తిరుగుతాను కాబట్టి ఇంట్లోవాళ్ళకు నేను దొరికేది ఈ నెలలోనే. ఈసారి డిసెంబరు చివర్లో అమ్మని, మా ఆవిడని, పదేళ్ళ మా అమ్మాయిని కారెక్కించుకుని గోపాల్‌పూర్, రంభ, తప్తపాణి, చంద్రగిరి తిరిగొచ్చాను. అన్నీ మాకు దగ్గరే. ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకుంటూ ఇన్నేళ్ళూ వెళ్ళనేలేదు.

బయల్దేరేముందు అమ్మ తన బరంపురం పట్టుచీర, గుడి అంచుది, మడత నలగకుండా సంచిలో పెట్టుకుంది. ఎందుకంటే, "నాదొక మంచి ఫొటో తియ్యరా. రేపు నేను పోయాక దండెయ్యడానికి ఎతుక్కోకుండా" అంది. ఎన్ని వందల కుటుంబాలను నిలబెట్టి తీశానో, ఆ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. చూద్దాంలే అని పూరీ ఉప్మా బండి దగ్గర కారాపాను. పూరీలోకి ఉప్మా ఏమిటని ఆంధ్రా చుట్టాలు నవ్వుతారు గానీ, బరంపురంలో తెల్లారేది దానితోనే.

గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లు. సముద్రం కనిపించే గది అని ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేశాను. కిటికీ తెరిస్తే నీళ్ళ ట్యాంకు గోడ. మెడ బాగా బయటపెట్టి ఎడమకు తిరిగితే సముద్రం కూడా ఉంది. ఆ ఫొటో తీసినవాడు మాత్రం పనిమంతుడు. గది మూలకు ఒదిగి వైడ్ లెన్సుతో కొడితే మంచం మైదానంలా కనిపిస్తుంది. నేనూ ఇలాంటి లాడ్జీల ఫొటోలు తీసినవాడినే కాబట్టి పోట్లాడటానికి నోరు రాలేదు. మా ఆవిడకు వచ్చింది. గది మార్చారు. మీరు వెళ్తే, డబ్బు కట్టకముందే కిటికీ తెరిచి చూడండి.

పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళాం. చలికాలంలో సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు, మొదటి అరగంట వెలుతురు ఎవరిని తీసినా అందంగా చూపిస్తుంది. పడవల దగ్గర మాటలన్నీ తెలుగే. ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే ఈ జాలర్లది ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. వల ఆరేస్తున్న ఒకాయనను తీద్దామని కెమెరా ఎత్తితే, "బాబూ, మా మేనకోడలి పెళ్ళి ఆల్బం ఇంకా ఇవ్వనేదు మీరు" అన్నాడు. మా ఆవిడ ఇసుకలో కూర్చుని నవ్వింది. సంక్రాంతి లోపల ఇస్తానని మాటిచ్చాను.

అమ్మ మాత్రం సముద్రం వైపే చూస్తూ కూర్చుంది. వాళ్ళ తాతగారు ఇక్కడే స్టీమరెక్కి రంగూన్ వెళ్ళారట. ఆ రోజుల్లో గంజాం జిల్లా నుంచి కూలికి రంగూన్ వెళ్ళని ఊరంటూ లేదు. ఆమె మొహం మీద వెలుతురు చాలా బాగా పడింది. తీద్దామనుకున్నాను. చీర మార్చుకొస్తానని గదికి వెళ్ళి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

రంభలో చిలికా. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలలను చేర్చే రామ్‌సర్ జాబితాలో 1981లోనే చేరిన సరస్సు. చలికాలంలో వలస పక్షులతో నిండిపోతుంది. డాల్ఫిన్లు కావాలంటే సాతపడా వైపు వెళ్ళాలి, రంభలో వాటి కోసం డబ్బు తగలెయ్యకండి. ఇక్కడ చూడాల్సినవి ప్రశాంతమైన నీళ్ళు, చిన్న చిన్న దీవులు. ఖల్లికోట రాజు కట్టించిన బంగళా శిథిలాలున్న బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ రాతి మీద కట్టించిన చిన్న గోపురం లాంటి కట్టడం. పడవవాళ్ళతో ఎంతసేపు, ఎక్కడెక్కడ ఆపుతారు అన్నది ముందే తేల్చుకోండి. లైఫ్ జాకెట్లు మేం అడిగాకే బయటికొచ్చాయి. ఒడ్డున పిక్నిక్ జనం, భోజి అంటారు మా వైపు, డీజే బాక్సులతో సహా దిగారు. పక్షులేమో గానీ మేం మాత్రం పారిపోయాం. డిసెంబరు ఆఖరి వారం కాకుండా ఇంకెప్పుడైనా వెళ్ళడం మేలు.

తప్తపాణి నాకు అన్నిటికంటే నచ్చింది. దిగపహండి దాటాక ఘాట్ ఎక్కితే అడవి మధ్య గంధకపు వేడినీళ్ళ ఊట, పక్కనే కంధి అమ్మవారి గుడి. ఆ నీటిని గదుల్లోని తొట్టెలకు మళ్ళించిన టూరిజం బస కూడా ఉంది. మేమున్నది వేరేచోట, మామూలు గది. దుప్పట్లు పల్చన, పప్పు చిక్కన. ఫరవాలేదు.

పొద్దున్న చలిలో అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టింది. ఎన్నాళ్ళుగానో సలుపుతున్న మోకాళ్ళు. "ఓలమ్మో" అని ఒక్కసారిగా నవ్వింది. నేను కెమెరా తీసేసరికి లెన్సంతా ఆవిరి. చల్లటి గదిలోంచి తెచ్చిన అద్దం అంతే, తుడిచేకొద్దీ కమ్ముతుంది. కాసేపు సంచిలోనే ఉంచి మెల్లగా బయటకు తియ్యాలని కొత్త కుర్రాళ్ళకు పాఠం చెప్పేది నేనే. మా అమ్మాయి ఈలోగా నా ఫోనుతో నొక్కేసింది.

చంద్రగిరికి అక్కడి నుంచి గంట పైన. 1963లో వచ్చి స్థిరపడిన టిబెటన్ల ఊళ్ళు, మొక్కజొన్న చేలు, 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద ఆరామం. రంగులు చూసి నా చెయ్యి ఆగలేదు. ఊళ్ళో మాత్రం జనం పల్చగా ఉన్నారు. చలికాలం కదా, స్వెటర్లు అమ్ముకోవడానికి పట్నాలకు వెళ్ళారని మోమోలు పెట్టినామె చెప్పింది. మా అమ్మాయి వేసుకున్న స్వెటరు మా ఊళ్ళో అలాంటి కొట్లోనే కొన్నది. నేను వాళ్ళ ఊరు చూడ్డానికి వచ్చిన రోజు వాళ్ళు మా ఊళ్ళో ఉన్నారన్నమాట.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఫోను నానమ్మ చేతికిచ్చింది. ఆవిరిలో సగం మొహం, నోరారా నవ్వు, ఫ్రేము మూలన తలొంచుకుని లెన్సు తుడుచుకుంటున్న నేను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పాత నేత చీర కట్టుకున్నాను. పళ్ళు కనబడుతున్నాయి. దండకి ఇది పనికిరాదు. పట్టుచీర కట్టుకుంటాను, మళ్ళీ తియ్యి."

"పండగ దాటాక ముహూర్తాలొచ్చేస్తాయమ్మా. ఖాళీ ఉండదు."

"అయితే వచ్చే ధనుర్మాసానికి తియ్యి" అని చీర తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది.