కజిన్ దీవిలో ఒక పూట

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశంలో ప్రాలిన్ దీవిలో బస చేసి, నాలుగు రోజుల పాటు చుట్టుపక్కల రక్షిత ప్రదేశాలను చూసి వచ్చాము. వాటిలో కజిన్ దీవి గురించే ఎక్కువగా చెప్పాలి.

ప్రాలిన్ నుంచి వెళ్ళిన పడవ ఆ దీవి ఒడ్డును తాకడానికి వీలు లేదు. ఒక్క ఎలుకల జంట చేరినా నేల మీద గుడ్లు పెట్టే పక్షులకు ముప్పే కనుక, మన పడవ దూరంగా ఆగితే, దీవి సిబ్బంది తమ పడవలో వచ్చి ఎక్కించుకుంటారు. రేవు లేనందువల్ల ఆ పడవ వేగంగా వచ్చి ఇసుకలోకి దూసుకుపోయి ఆగుతుంది. గట్టిగా పట్టుకోమని ముందే హెచ్చరిస్తారు గానీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి ఇది కష్టమే.

ఒకప్పుడు ఇది కొబ్బరితోట. సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పక్షి ప్రపంచం మొత్తం మీద ఇక్కడే, అదీ ముప్పై లోపే మిగిలిన దశలో, 1968లో ఒక అంతర్జాతీయ పక్షి సంరక్షణ సంస్థ దీవిని కొనుగోలు చేసి, కొబ్బరిని అదుపు చేసి, పాత అడవిని తిరిగి ఎదగనిచ్చింది. ఈ పక్షి ఆకుల అడుగున ఉండే పురుగులను తిని బతుకుతుంది కనుక, అడవి తిరిగి రావడంతోనే దాని సంఖ్య పెరిగింది. తరువాత ఇక్కడి నుంచి కొన్నింటిని వేరే దీవులకు కూడా తరలించారు. నేడు దీవి నిర్వహణను నేచర్ సీషెల్స్ సంస్థ చూస్తోంది.

బాట పక్కన చెట్టు మొదట్లో తెల్లతోక ట్రాపిక్‌బర్డ్ అనే సముద్రపక్షి పిల్ల ఒకటి, మేము రెండు అడుగుల దూరంలో నిలబడినా, కదలకుండా కూర్చుంది. ఫెయిరీ టెర్న్ అనే తెల్లని సముద్రపక్షి గూడు కట్టకుండా, కొమ్మ మీది చిన్న పల్లంలో ఒకే ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతోంది. కాళ్ళ దగ్గర నలికిరులు తిరుగుతూనే ఉంటాయి. మా మార్గదర్శకుడు వీటిని చూపినంత ఓపికగా మా ప్రశ్నలకూ జవాబులిచ్చాడు.

మరునాడు చూసిన క్యూరియూజ్ జాతీయ సముద్ర ఉద్యానవనంలో పెద్ద తాబేళ్ళు, మడ అడవిలో చెక్క వంతెన, పాత కుష్ఠురోగుల వసతి కాలం నాటి వైద్యుని ఇల్లు, ఇన్ని ఉన్నా, మమ్మల్ని తీసుకువెళ్ళిన పడవ నిర్వాహకులు భోజనం వేళ దాటుతుందని తొందరపెట్టడంతో ఏదీ నిదానంగా చూడలేకపోయాము. తప్పు ప్రదేశానిది కాదు. వెళ్ళేవారు నడకకు ఎంత సమయం ఇస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి. 1983లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన, ప్రాలిన్‌లోనే ఉన్న వాలే ద మే తాటివనానికి ప్రవేశ రుసుము ఎక్కువే అయినా, జంట కొబ్బరికాయలాంటి పెద్ద కాయలు కాసే కోకో ద మేర్ చెట్ల కింద ఆ చీకటి, ఆ నిశ్శబ్దం దానికి తగినవే.

కజిన్‌లో సందర్శకులకు రాత్రి బస ఉండదు. నా దృష్టిలో అదే సరైన ఏర్పాటు. దీపాలు, వంటశాలలు, చెత్త, ఏవీ ఆ ఒడ్డుకు చేరవు. ప్రాలిన్‌లో మేము దిగిన కుటుంబ అతిథి గృహం చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. పడవ సమయానికి తగ్గట్టు ఫలహారం ముందుగానే ఇచ్చారు.

తిరుగు ప్రయాణానికి ఒడ్డుకు వస్తుండగా మార్గదర్శకుడు చెయ్యి అడ్డుపెట్టి ఆపాడు. ఎదుట పొదల కింద ఒక హాక్స్‌బిల్ తాబేలు, పట్టపగలు, వెనుక కాళ్ళతో ఇసుక తవ్వుతోంది. అది తిరిగి నీటిలోకి వెళ్ళేదాకా మా పడవను బయలుదేరనివ్వలేదు.