పదకొండేళ్ళు వాడిన ఆఫ్టర్‌షేవ్‌ను పారబోశాను

చుర్రుమంటేనే పని చేస్తున్నట్టని నమ్మేవాళ్ళలో నేనూ ఒకణ్ని. గడ్డం గీసుకోగానే అరచేతిలో కాస్త పోసుకుని చెంపలకూ మెడకూ చరుచుకోవడం, ఆ మంటకు కళ్ళు చికిలించడం, వెంటనే వచ్చే చల్లదనం, మధ్యాహ్నం దాకా వదలని లావెండర్ వాసన. పదకొండేళ్ళు ఒకే రకం వాడాను. మొదటి పదేళ్ళకు మార్కులు వేయమంటే అయిదుకు అయిదు వేసేవాణ్ని. ఈ సమీక్ష పదకొండో ఏడాది గురించి.

ముందు దవడ కింద రెండు ఎర్రటి మచ్చలు వచ్చాయి. బ్లేడు మొద్దుబారిందనుకుని కొత్తది వేశాను. వెంట్రుకలు లోపలికి పెరుగుతున్నాయేమోనని ఎదురు గీయడం మానేశాను. షేవింగ్ క్రీము మార్చాను. మచ్చలు రెండూ కలిసి మెడకు పట్టీ కట్టినట్టయింది. పైన సన్నటి నీటిపొక్కులు, నిద్రలోంచి లేపేంత దురద. అప్పటికీ ప్రతి ఉదయం దాని మీద అదే ఆఫ్టర్‌షేవ్ రాస్తూనే ఉన్నాను, క్రిములు చస్తాయి కదా అని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఆ దొంగనే కాపలా పెట్టాను.

అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. శని, ఆదివారాల్లో నేను గడ్డం గీసుకోను. దురద మాత్రం ఆదివారమే ఎక్కువగా ఉండేది. రాయని రోజున బాధపెట్టేది ఆఫ్టర్‌షేవ్ ఎలా అవుతుందని నా తర్కం. చర్మవైద్యురాలికి ఆ తర్కమే ఆధారమైంది. ఎలర్జీ వల్ల వచ్చే చర్మశోథ రాసిన నిమిషంలో కనిపించదట. ఒకటి నుంచి మూడు రోజుల ఆలస్యంగా బయటపడుతుంది. శుక్రవారం రాసింది ఆదివారం పలుకుతోందన్నమాట.

అప్పటిదాకా నేను మంటకూ ఎలర్జీకీ తేడా ఉందనుకోలేదు. చుర్రుమనిపించేది ఆల్కహాల్. వేడిని పసిగట్టే నాడుల్ని అది ఎంత సున్నితం చేస్తుందంటే, మన ఒంటి వేడే వాటికి కాలినట్టు అనిపిస్తుంది. చల్లదనాన్నిచ్చే మెంథాల్ దీనికి తిరగేసి చలిని పసిగట్టే నాడుల్ని తడుతుంది. రోజూ రాస్తే ఆల్కహాల్ చర్మంలోని నూనెను లాగేసి ఎండగొడుతుంది, అది నిజమే. కానీ నా మెడను పాడు చేసింది అది కాదు. నేను ఏ పరిమళం కోసం ఆ సీసా కొన్నానో అదే.

వీపు మీద ప్యాచ్ పరీక్ష చేశారు. ఏది పడటం లేదో తేల్చడానికి, పట్టీల మీది చిన్న చిన్న గుంటల్లో రకరకాల పదార్థాలు పెట్టి వీపుకు అంటించారు. రెండు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. ఆ రెండు రోజులూ ఇంట్లోవాళ్ళు నాకు దూరంగానే కూర్చున్నారు. అంటించిన పట్టీలు తీసినప్పుడు ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూశారు. ఎర్రగా ఉబ్బినవి రెండు. ఒకటి పరిమళాల మిశ్రమం, రెండోది గాలి సోకి మారిపోయిన లినలూల్.

ఈ రెండోదాని కథ వింటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లినలూల్ లావెండర్ నూనెలోని ప్రధాన భాగాల్లో ఒకటి. తాజాగా ఉన్నప్పుడు అది పెద్దగా హాని చేయదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లనే వేరే పదార్థాలుగా మారినప్పుడే చర్మానికి పగవాడవుతుంది. నిమ్మజాతి వాసనలనిచ్చే లిమోనీన్‌దీ ఇదే తీరు. నేనేమో ఆ రకం దొరకడం తగ్గిందని పెద్ద సీసా కొని, అడుగున ఉన్నదాన్ని అపురూపంగా మూడేళ్ళు సాగదీశాను. స్నానాలగదిలో, కిటికీ పక్కన, మూత సగం వదులుగా. నా పొదుపే నా కొంప ముంచి ఉండవచ్చు. ఇప్పుడు తాజా సీసా తెచ్చుకున్నా లాభం లేదు. ఒంటి రక్షణ వ్యవస్థ ఒకసారి పగబడితే మరిచిపోదు.

పాత సీసాలు వెతికి కొనేవాళ్ళకు ఒక మాట. వెనకటి పురుషుల పరిమళాల్లో ఓక్‌మాస్ అనే చెట్టుపాచి సారం విరివిగా ఉండేది. అందులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ చాలా తీవ్రంగా ఎలర్జీ పుట్టిస్తాయని ఐరోపా సమాఖ్య 2019 నుంచి వాటిని సౌందర్య సాధనాల్లో నిషేధించింది. పాత వాసనే అసలు వాసన అని వాదించేవాళ్ళతో నాకు పేచీ లేదు, మెడ వాళ్ళదే కాబట్టి.

వైద్యురాలు ఇచ్చిన స్టెరాయిడ్ లేపనం వారంలో దురద తగ్గించింది. అయినా మచ్చ పూర్తిగా పోలేదు. నెల తర్వాత గానీ తెలియలేదు, తల మీది షాంపూ నురగ మెడ మీదుగానే జారుతుందని. దానిలోనూ లినలూల్ ఉంది.

బదులుగా వాడినవాటి సంగతి. మొదట తెచ్చింది ‘సహజమైనది’ అని రాసి ఉన్న బామ్, అంటే గడ్డం గీసుకున్నాక రాసుకునే లేపనం. రెండో రోజుకే మెడ భగ్గుమంది. చూస్తే పదార్థాల జాబితాలో లావెండర్ నూనె. మొక్క నుంచి వచ్చినా లినలూల్ లినలూలే. రెండోది ‘వాసన లేనిది’ అన్నది. ముడిపదార్థాల వాసన తెలియకుండా కప్పడానికి దానిలోనూ పరిమళం కలిపారు. వాసన రాకపోవడం వేరు, పరిమళం కలపకపోవడం వేరు. అప్పటి నుంచి సీసా ముందువైపు చదవడం మానేసి, వెనకవైపు చిన్న అక్షరాలు చదువుతున్నాను. ఐరోపాలో 2005 నుంచి 26 పరిమళ పదార్థాల పేర్లు, చర్మం మీద ఉండిపోయే లేపనాల్లో 0.001 శాతం దాటితే, విడిగా రాయాలి. 2023లో ఆ జాబితాను ఇంకా పెంచారు. ఒట్టి ‘పరిమళం’ అని మాత్రమే రాసి ఉంటే నేను కొనను.

ఇప్పుడు రెండేళ్ళుగా పటిక, ఒక సాదా బామ్. తడిపిన పటికబిళ్ళ మెడకు రుద్ది, అర నిమిషం ఆగి కడిగేస్తాను. చిన్న గాట్ల రక్తం ఆగుతుంది. కడగడం మరిచిపోతే చర్మం బిగదీసుకుపోతుంది. బామ్‌ను మెడకు రాయబోయే ముందు పది రోజులు రోజుకు రెండుసార్లు మోచేతి లోపలి మడతలో రాసి చూశాను. ఏమీ కాలేదు.

పటికకు అయిదుకు మూడున్నర. బామ్‌కు నాలుగు. దురద లేదు, మచ్చ లేదు, పొలుసులు లేవు. ఏ వాసనా లేనందుకు ఒక మార్కు తగ్గించాను.