పాలమూరు నుంచి నల్లగొండకు సైకిల్‌పై: సంచిలో ఏముండాలి, రాత్రి ఎక్కడ ఆగాలి

డిసెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికితే మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, డిండి, దేవరకొండల మీదుగా నాగార్జునసాగర్ చేరి, అక్కడి నుంచి హాలియా దారిన నల్లగొండ వెళ్లాను. దారి పొడవునా సైకిల్ రిపేరు దుకాణాలు కనిపిస్తూనే ఉంటాయి. అయితే అవి నడిచేది ఊళ్లో పాలు, గడ్డి మోసే పెద్ద సైకిళ్ల మీద, బడి పిల్లల సైకిళ్ల మీద. గేర్ల సైకిల్‌కు కావలసిన వస్తువులు వాటిలో ఉండవు. కాబట్టి సామాను సర్దేటప్పుడు, దారిలో ఏం చెడిపోవచ్చు అన్నదానికంటే, చెడిపోతే అక్కడ ఏది దొరకదు అన్నదే లెక్కలోకి తీసుకోవాలి.

మొదటిది ట్యూబు. నా సైకిల్‌ది 700సి చక్రం, అంటే టైరు కూర్చునే చోట రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు. ఊళ్లలోని పెద్ద నల్ల సైకిల్‌ది 28 × 1½, దాని కొలత 635. చూడటానికి రెండు చక్రాలూ ఒక్కటే అనిపించినా ఆ టైరు దీనికి పట్టదు. ట్యూబు సాగుతుంది కనుక సర్దుకోవచ్చు కదా అనుకుంటే వాల్వు దగ్గర చిక్కు వస్తుంది. పాత సైకిల్ వాల్వుకైనా, మోటార్ సైకిల్ తరహా వాల్వుకైనా రిమ్ములో సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, నా ట్యూబులకుండే ప్రెస్టా అనే సన్నటి వాల్వుకు చేసిన రంధ్రంలో అవి దూరవు. అందువల్ల రెండు కొత్త ట్యూబులు, ప్యాచ్‌లు, వాటిని అంటించే సొల్యూషన్ ట్యూబు విప్పనిది ఒకటి, టైరు లివర్లు రెండు, చేతిపంపు పెట్టుకున్నాను. సొల్యూషన్ విషయంలో విప్పనిది అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది: ఒకసారి మూత తీసింది మన ఎండలకు కొన్నాళ్లలోనే లోపల గట్టిపడిపోతుంది, ఆ సంగతి రోడ్డు పక్కన కూర్చున్నాకే తెలుస్తుంది.

మొదటి రాత్రి కల్వకుర్తిలో ఆగాను. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు కూడా ఇచ్చారు. కానీ సైకిల్‌ను పైకి తీసుకుపోవడానికి ఒప్పుకోలేదు, గేటు బయట మోటార్ సైకిళ్ల వరసలో పెట్టమన్నారు. ముందు చక్రం, సీటు విప్పి గదిలోకి తీసుకుపోయి, మిగిలిన సైకిల్‌ను గొలుసుతో కిటికీ చువ్వకు కట్టేశాను గానీ, రాత్రి రెండుసార్లు లేచి చూసుకోవలసి వచ్చింది. ఆ రోజు నుంచి గది అడిగే ముందే సైకిల్ లోపల పెట్టుకోవచ్చా అని అడగడం మొదలుపెట్టాను. అద్దె వంద రూపాయలు ఎక్కువైనా ఆ మాట ముందే తేల్చుకోవడం మేలు.

రెండో రోజు డిండికి ముందు వెనక చక్రంలో గాలి పోయింది. పాలమూరు, నల్లగొండ దారుల్లో మేకుల కంటే, గాజుపెంకుల కంటే సర్కారు తుమ్మ ముల్లే ఎక్కువ బాధ పెడుతుంది. రోడ్డు అంచు దిగి చెట్టు నీడకు పోయామంటే ముల్లు గుచ్చుకున్నట్టే. నేను ట్యూబు మార్చి, గాలి కొట్టి బయలుదేరిన కాసేపటికే అదే చక్రం మళ్లీ కూర్చుంది. ఈసారి టైరును పూర్తిగా విప్పి, లోపలి వైపు దూది ఉండతో మెల్లగా చుట్టూ తుడుస్తూ వచ్చాను. ఒకచోట దూది పోగులు పట్టుకున్నాయి. బయటి నుంచి కనబడకుండా విరిగిన ముల్లు మొన, బియ్యపు గింజలో సగం కూడా లేదు, రబ్బరులో దిగి ఉంది. గోటికి రాలేదు, చిన్న పట్టకారుతో లాగితే వచ్చింది. వేలితో వెతికితే వేలికే గుచ్చుకుంటుంది కనుక దూది, పట్టకారు పంక్చర్ డబ్బాలోనే పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

చేతిపంపుతో కొట్టిన గాలి చాలక దేవరకొండలో ఒక దుకాణం దగ్గర ఆగితే, కంప్రెసర్ ఉంది గానీ దాని మూతి నా వాల్వుకు పట్టలేదు. దుకాణం పెద్దాయన వాల్వును అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మా మిషన్‌కు పట్టది బిడ్డా, మీద ఇత్తడి మూత ఉంటది గద, అది తెచ్చుకున్నవా?" అన్నాడు. "ఉంది కాకా" అని సంచిలోంచి తీసిచ్చాను. చిటికెన వేలి కొసంత ఉండే ఆ అడాప్టర్‌ను ప్రెస్టా వాల్వుకు బిగిస్తే ప్రతి పంక్చర్ షాపు మనదే అవుతుంది. ఆయన గాలికి డబ్బులు తీసుకోలేదు. పైగా పాత ట్యూబును అడ్డంగా కోసి నాలుగు రబ్బరు బద్దీలు ఇచ్చాడు. సంచులు బిగించడానికి అంగట్లో కొన్న కొక్కేల తాళ్ల కంటే అవే బాగా పనికొచ్చాయి.

దేవరకొండ కోట పైకి సైకిల్ పోదు, కింద నమ్మకమైన చోట వదిలి నడవాలి. సాగర్‌లోనూ ఇదే ఇబ్బంది. నాగార్జునకొండ మ్యూజియం జలాశయం నడుమ దీవిలో ఉంది కనుక లాంచీ ఎక్కక తప్పదు, శుక్రవారం మ్యూజియం సెలవు. సంచులన్నీ సైకిల్‌కే ఉంచి వెళ్లే ధైర్యం చేయకుండా ముందు గదిలో దించి రావడం మంచిది. నేను హిల్ కాలనీలో కింది అంతస్తు గది తీసుకున్నాను. గది పాతదే, పక్క మెత్తగా లేదు, అయినా వరండాలోకి సైకిల్ నేరుగా నడిపించుకొని పోయాను, బకెట్ నీళ్లు, పాతగుడ్డ అడిగితే కాదనలేదు. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన బస ఇదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టను, దాని ఇరవై ఆరు గేట్లను సాయంత్రపు ఎండలో తీరిగ్గా చూడటానికీ వీలైంది.

నల్లగొండలో పానగల్లు పచ్చల సోమేశ్వరాలయానికి, ఛాయా సోమేశ్వరాలయానికి ఊళ్లోంచి సైకిల్‌పై వెళ్లి రావడం ఎంతో సుఖం. ఆ తర్వాత మిగిలింది తిరుగు ప్రయాణపు మూట. హైదరాబాదుకు బస్సులో, కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్‌కు రైల్లో వచ్చాను. నిలబెట్టిన సైకిల్‌ను చూసి తల అడ్డంగా ఊపిన బస్సు కండక్టర్, దాన్నే గోనెసంచుల్లో కట్టి తెస్తే లగేజీ టికెట్ కొట్టి డిక్కీ తెరిపించాడు.

కట్టే ముందు గేరును వెనక పెద్ద పళ్లచక్రం మీదికి మార్చాలి, అప్పుడు గొలుసును పళ్లచక్రాల మీద మార్చే డీరైలర్ లోపలికి ఒదుగుతుంది, దెబ్బ తగలదు. పెడళ్లకు 15 నంబరు పానా కావాలి. ఎడమ పెడల్‌ది ఎదురు మర, కనుక పానాను పైకి నిలబెట్టి ఏ పక్కదాన్నైనా వెనక చక్రం వైపు తిప్పితే ఊడుతుంది. హ్యాండిల్‌కు, సీటుకు, క్యారియర్ బోల్టులకు 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు (ఆరు పలకల చిన్న పానాలు) సరిపోయాయి. ముందు చక్రం తీసిన ఫోర్కు కొసల మధ్య ఒక కర్రముక్క, డిస్క్ బ్రేకు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క తప్పనిసరి. అట్ట లేకుండా ఎవరైనా బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చి చక్రం మళ్లీ ఎక్కదు.

రైలుకు గంట ముందే వెళ్లి, నా టికెట్ చూపించి లగేజీగా బుక్ చేశాను. అలా చేస్తే నేనెక్కిన బండి బ్రేక్ వ్యాన్‌లోనే, అంటే సామాను పెట్టెలోనే, సైకిల్ కూడా వస్తుంది. మూటకు రెండు పక్కలా ఊరి పేరు, నా పేరు మార్కర్‌తో పెద్దగా రాశాను. మహబూబ్‌నగర్‌లో రసీదు చూపించి మూట విడిపించుకొని, ప్లాట్‌ఫారం చివర గోనె కుట్లు విప్పి చూస్తే ఎక్కడా గీత కూడా పడలేదు. చక్రాలు, పెడళ్లు బిగించుకొని, ఆ గోనెసంచులనే మడిచి దేవరకొండ కాక ఇచ్చిన బద్దీలతో క్యారియర్‌కు కట్టుకొని ఇంటికి బయలుదేరాను.