బర్బన్ కోర్సు చేసి మూడేళ్లయింది, గిట్టుబాటైందా?

నేను బార్‌లో పనిచేయను. సిన్సినాటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒహాయో నది దాటితే కెంటకీయే. మూడేళ్ల కిందట అక్కడి లూయివిల్‌లో బర్బన్ (అమెరికా విస్కీ) మీద ఒక్కరోజు సర్టిఫికేషన్ కోర్సు చేశాను. "తాగడానికి కూడా పరీక్షలా?" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

రూల్స్ గంటలో వచ్చేస్తాయి. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా, పీపాలో పోసేటప్పుడు 125 ప్రూఫ్ (ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు) దాటకూడదు, రంగూ రుచీ కలపకూడదు. అమెరికాలో ఎక్కడైనా చెయ్యొచ్చు, కెంటకీయే అక్కర్లేదు.

సోర్ మ్యాష్ (కిందటి విడత మిగులు కొంత కొత్త విడతలో కలపడం) దగ్గర "మా పెరుగు తోడు లాంటిదే కదా" అన్నాను. మాస్టారు తోడంటే ఏమిటో నాతో చెప్పించుకుని మరీ కాదన్నారు. కిందటి విడత బట్టీలో మరిగి మిగిలిన నీళ్లు కాబట్టి అందులో ఈస్ట్ బతికుండదట. దాని పని పులుపు పెంచి చెడ్డ బ్యాక్టీరియాను ఆపడం.

ఫీజు మాత్రం లేబుల్ చదవడం దగ్గర రాబట్టుకున్నాను. ముందువైపు తాతగారి బొమ్మ, గుర్రబ్బండి ఉంటాయి. వెనక చిన్నక్షరాల్లో 'డిస్టిల్డ్ ఇన్ ఇండియానా'. అంటే చాలావరకు మా పక్కనే ఉన్న లారెన్స్‌బర్గ్ పెద్ద డిస్టిలరీలో కొని తమ లేబుల్ అతికించిన సరుకే. మంచిదే, కానీ తాతగారికి వేరే డబ్బులెందుకు? 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని ఉంటే ఆలోచించను. 1897 చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 100 ప్రూఫ్.

నచ్చనిది టేస్టింగ్ షీట్, అంటే ఏ రుచులు తగిలాయో రాసే కాగితం. పెకాన్ పై, బటర్‌స్కాచ్, జీను తోలు! మొదటి రౌండ్ పక్కవాడిది చూసి రాశాను. ఇంటికొచ్చి నా షీట్ నేనే చేసుకున్నా: అరిసెల పాకం, వేయించిన కొబ్బరి, రై అనే ధాన్యం ఎక్కువైతే మిరియాల ఘాటు. రై బదులు గోధుమ వేస్తే ఆ ఘాటుండదు, సున్నుండలా మెత్తగా దిగుతుంది.

సర్టిఫికెట్ ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బార్ ఉద్యోగాలవాళ్లకైతే సరే, మిగతావాళ్లకు ఇంట్లో చదువుకునే కోర్సు చాలు. 5కి మూడున్నర.

మొన్న బేస్‌మెంట్ పార్టీలో ఒకడు 100 ప్రూఫ్ బర్బన్‌లో కోక్ నిండా పోశాడు. చూస్తూ ఊరుకున్నాను. మొదటి ఏడాది లెక్చర్లిస్తే రెండు పార్టీలకు పిలవలేదు మరి.